అప్‌డేట్: మిర్చి తామర పురుగు ప్రాజెక్టుకు గ్రాంటు వచ్చింది

గుంటూరు మిర్చిలో నల్ల తామర పురుగు (థ్రిప్స్) మీద రాసిన పరిశోధన ప్రపోజల్‌ను ఎందుకు తిరస్కరిస్తున్నారని ఇక్కడ అడిగాను కదా. గ్రాంటు మంజూరైంది! సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది లక్ష్యాలు తగ్గించమన్న సలహా. ప్రపోజల్స్ సమీక్షించిన అనుభవమున్న ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు చదివి, 2021లో విరుచుకుపడిన ఈ పురుగు మందులు కొట్టినా ఎందుకు లొంగలేదన్న అసలు ప్రశ్న మూడో పేజీలో ఉందని చూపించారు. దాన్ని మొదటి పేరాలోకి తెచ్చాం. పురుగు పూలలో దాక్కోవడం మీదే ప్రయోగాలు ఉంచాం. గుంటూరు దగ్గరి లాం పరిసరాల పొలాల్లో తీసిన పురుగుల ప్రాథమిక లెక్కలు జతచేశాం. ప్రతి పరికరం పక్కన అది ఏ ప్రయోగానికో రాశాం.

బడ్జెట్ తగ్గించాల్సిన పని పడలేదు. మాది చిన్న కాలేజీ అన్న టెన్షన్ కూడా అక్కర్లేకపోయింది, సమీక్షకులు ఆ మాటే ఎత్తలేదు. పరిశోధనలకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థ ఎస్‌ఈఆర్‌బీ ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ అనే కొత్త సంస్థలో కలిసింది కాబట్టి పాత ఫారాలు చూసి మాత్రం రాయకండి.