బాల్ పైథాన్ తొట్టెలో తేమ నిలవట్లేదు, స్ప్రే కొట్టిన గంటకే పడిపోతోంది

ప్రశ్న:
బాల్ పైథాన్ అనే పెంపుడు కొండచిలువ కోసం 90 × 45 × 45 సెంటీమీటర్ల గాజు తొట్టె, పైన ఇనుప జాలి మూత. ఒక పక్క హీట్ బల్బు, థర్మోస్టాట్ పెట్టాను. బల్బు కింద 32 డిగ్రీలు, అవతలి మూల 25. అడుగున కొబ్బరి పొట్టు రెండు వేళ్ల మందం ఉంది. గాజుకు అంటించిన, తేమ చూపే ముల్లు మీటరు 40 శాతం దాటదు. స్ప్రే కొడితే 80కి ఎగబాకి, గంట తిరక్కుండా మళ్లీ 40కే వస్తోంది. ఈసారి కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడింది. తోక చివర, ఎడమ కంటి మీద పొర మిగిలినట్టుంది. ఫాగర్ (నీటి ఆవిరిని పొగమంచులా చిమ్మే యంత్రం) కొనమంటారా?

జవాబు 1:
ఫాగర్ వద్దండి. చిల్లుకుండలో ఎన్ని నీళ్లు పోసినా అంతే. మీ చిల్లు ఆ జాలి మూత. బల్బు వేడికి గాలి పైకి లేచి, తేమను వెంటబెట్టుకుని జాలిలోంచి పోతుంది. బల్బు ఉన్న చోటు, దాని చుట్టూ ఓ జానెడు, అవతలి చివర ఒక పట్టీ వదిలి మిగతా మూతంతా కప్పేయండి. అల్యూమినియం ఫాయిల్ రెండు మడతలు చాలు. యాక్రిలిక్ షీటు బల్బు దగ్గర వంకర తిరుగుతుంది. టేపు వాడితే మూత పైవైపే అంటించాలి. జిగురు లోపలికి కనబడిందా, పాము దానికి అతుక్కుపోతుంది. అప్పుడు పొలుసులు ఊడకుండా విడదీయడం నరకం.

రెండోది, పొట్టు మందం. రెండు వేళ్లు కాదు, 10 సెంటీమీటర్లు ఉండాలి. మీ తొట్టెకు దాదాపు 40 లీటర్ల పొట్టు పడుతుంది. సన్నపొట్టు ఒక్కటే అయితే పైన ఎండి దుమ్ము లేస్తుంది కాబట్టి కొబ్బరి డొక్కు ముక్కలు సగం కలపండి. నీళ్లు పైన చల్లకండి. నాలుగు మూలల్లో గాజు వారగా, మెల్లగా, మొత్తం 2 లీటర్లు పోయండి. అడుగు తడిగా, పై రెండు వేళ్లు పొడిగా ఉండాలి. ఆ అడుగు తడే రోజులకు రోజులు మెల్లగా ఆవిరవుతూ ఉంటుంది. స్ప్రే తడిపేది పైపొరనే, అందుకే గంటలో ఆరిపోతుంది.

ఒక్క జాగ్రత్త: తొట్టె కింద హీట్ మ్యాట్ కూడా ఉంటే ఇంత మందం పోయొద్దు. వేడి పైకి రాక అడుగునే పోగుపడుతుంది, గాజు చిట్లొచ్చు.

జవాబు 2:
పైన చెప్పినవన్నీ సరే గానీ, ముందు ఆ మీటరు సంగతి చూడండి. ముల్లు మీటర్లు పది, పదిహేను శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. వైరు కొసన ప్రోబ్ (తేమను కొలిచే ముక్క) ఉన్న డిజిటల్‌ది తెచ్చి, ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో ఉప్పు పోసి, కొన్ని చుక్కల నీళ్లతో తడి ఇసకలా చేయండి. కరిగిపోకూడదు. దాన్నీ ప్రోబ్‌నీ గాలి చొరబడని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయండి. గది ఉష్ణోగ్రతలో 75 శాతం చూపాలి. 69 చూపితే, ఇకపై ప్రతి రీడింగుకూ 6 కలుపుకోవడమే.

ప్రోబ్ ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. వేడెక్కిన గాలి ఎక్కువ తేమ పట్టగలదు కాబట్టి అదే గాలికి శాతం తక్కువగా కనిపిస్తుంది. 32 డిగ్రీల దగ్గర 50 శాతం ఉన్న గాలి 25 డిగ్రీల మూలకు చేరితే దాదాపు 75 అవుతుంది. బల్బు కింద 50 చూసి కంగారుపడి నీళ్లు పోస్తే చల్లటి మూల ఊట బావి అయిపోతుంది. పాము ఎత్తులో, చల్లటి పక్క పెట్టి చూడండి. అక్కడ 60 నుంచి 75 మధ్య ఉంటే చాలు.

అడిగినవారు:
మూత కప్పి, పొట్టు పెంచాను. ఇప్పుడు చల్లటి మూలలో 84! గాజు మీద నీటి బొట్లు, పొట్టు మీద తెల్లటి బూజు. పొట్ట కింది పొలుసులు రెండు మూడు కొంచెం ఎర్రగా ఉన్నట్టున్నాయి.

జవాబు 1:
నీళ్లు ఎక్కువయ్యాయి. గుప్పెడు పొట్టు తీసి పిండండి. ముద్ద కట్టాలి గానీ చుక్క కారకూడదు. కారితే అడుగు పొట్టులో మూడోవంతు తీసేసి పొడిది కలపండి. బూజు ఉన్నంత మేరా చేత్తో ఎత్తి పారేయండి. గాలి కోసం మూత ఇంకో రెండు వేళ్లు తెరవండి.

ఎర్రటి పొలుసుల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. పాము పడుకునే పైపొర తడిగా ఉంటే పొట్ట పొలుసులు కుళ్లడం ఇలాగే మొదలవుతుంది. ఈ రోజే పేపరు టవల్ పరిచిన పొడి డబ్బాలోకి మార్చండి, వేడి తగ్గనీయకండి. బొబ్బలు, గోధుమ రంగు మచ్చలు, వాసన కనిపిస్తే పాముల వైద్యం తెలిసిన పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలున్నా అంతే.

జవాబు 2:
కంటిపొరను పట్టకారుతో లాగొద్దు. కింది అసలు పొర కూడా ఊడి కన్ను పోవచ్చు. ముందు ఊడిన కుబుసంలో తల ముక్క వెతికి వెలుతురుకు పట్టి చూడండి. గుండ్రటి రెండు అద్దాల్లా కనిపిస్తే పొరలు వచ్చేసినట్టే. ఒకటే ఉంటే, గాలి రంధ్రాలున్న డబ్బాలో గోరువెచ్చటి తడి తువ్వాలు వేసి, 28 నుంచి 30 డిగ్రీల్లో అరగంట ఉంచండి. పొట్ట ఎరుపు తగ్గాకే ఈ పని. తువ్వాలులోంచి తనంతట తాను పాకుతుంటే తోక పొర ఊడుతుంది. తోక కొస పొర మాత్రం వదిలేయకండి, అది ఎండి బిగుసుకుంటే రక్తం ఆడక కొస ఎండిపోతుంది. కన్ను అప్పటికీ విడవకపోతే తర్వాతి కుబుసం దాకా ఆగండి. కళ్లు పాలనీలంగా మారగానే (కుబుసం విడవబోతోందని గుర్తు), పిండిన స్ఫాగ్నమ్ నాచు నింపిన దాక్కునే డబ్బా ఒకటి లోపల పెట్టండి. ఆ కుబుసానికీ రాకపోతే వైద్యుడే తీయాలి.