రిమోట్ వ్యూయింగ్ గోడపటానికి తెలుగు మాటలు కావాలి

ప్రశ్న
రిమోట్ వ్యూయింగ్, అంటే ఎక్కడో దూరాన కంటికి కనబడని చోటుని మనసుతోనే చూడటమట, ఆ సాధన నేర్పే గోడపటం ఒకటి తెలుగులోకి తెస్తున్నాను. మొత్తం ఆరు మెట్లు. పేరు దగ్గరే బండి ఆగింది. దూరదర్శనం అంటే టీవీ, దూరదృష్టి అంటే ముందుచూపు. దివ్యదృష్టి అనొచ్చా? ఇంకోటి, పటంలో అడుగడుగునా ఎర్రక్షరాల్లో ‘ఏఓఎల్’ అని ఉంది, ఎనలిటికల్ ఓవర్‌లే. ‘విశ్లేషణాత్మక అధ్యారోపణ’ అని రాస్తే నాకే నోరు తిరగడం లేదు.

జవాబు 1
దివ్యదృష్టి వద్దండీ. అది వ్యాసుడు సంజయుడికిచ్చిన వరం, ఒకరిస్తే వచ్చేది. ఈ పటం చెప్పేదేమో నేర్చుకుంటే వస్తుందని. 1972లో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో హెరాల్డ్ పుట్హాఫ్, రస్సెల్ టార్గ్ మొదలుపెట్టిన ప్రయోగాల నుంచి వచ్చిన వ్యవహారమిది. మెట్లుగా మలిచింది ఇంగో స్వాన్. దూరవీక్షణం చాలు. యోగసూత్రాల విభూతిపాదంలో ‘సూక్ష్మ వ్యవహిత విప్రకృష్ట జ్ఞానం’ అని ఉంది: సూక్ష్మమైనవి, మరుగున ఉన్నవి, దూరాన ఉన్నవి తెలియడం. విప్రకృష్టం అచ్చంగా సరిపోతుంది గానీ, గోడ మీద రాస్తే ఎవరు చదువుతారు!

జవాబు 2
ఏఓఎల్‌ని ‘ఊహ అడ్డు’ అనండి. జరిగేది అదే కదా. చూసే మనిషికి, చూడాల్సిన చోటుకి గుర్తుగా ఒక అంకె మాత్రమే ఇస్తారు. చేయి చటుక్కున ఒక గీత గీస్తుంది. ఆ తర్వాత ఎత్తు, గరుకు, చల్లన అని రాసుకుంటూ పోతుంటే బుర్ర మధ్యలో దూరి ‘ఆఁ, లైట్‌హౌస్!’ అంటుంది. ఆ మాటని కాగితం కుడిపక్కన పడేసి, ‘ఏఓఎల్ బ్రేక్’ అని రాసి, కలం కింద పెట్టాలి. తెలుగులో ‘ఊహ అడ్డొచ్చింది, ఆగు’ అని వేస్తే సరి. పటం నెత్తిన పెద్దక్షరాల్లో ‘పేరు పెట్టకు, తీరు చెప్పు’ అని పెట్టండి.

రెండో మెట్టు మన భాషకి పండగే. రంగు, రుచి, వాసన, చప్పుడు, తాకిడి అన్నీ అక్కడే. ‘స్పర్శానుభూతులు’ లాంటివి దయచేసి వద్దు. గరుకు, నున్నన, జిగట, బరక, చుర్రు, వెచ్చన, గలగల, హోరు, కీచు. చప్పున నోట్లోంచి జారిపడాలి. సమాసం కట్టేలోపు ఊహ వచ్చి కూర్చుంటుంది. మూడోదానికి ‘కొలత, బొమ్మ’, ఆరోదానికి ‘మట్టి నమూనా’ చాలు. నాలుగో మెట్టు గడులపట్టిక కాబట్టి గడికో పొట్టి మాట వెతుక్కోవాలి, అదొక్కటే కాస్త పని.

జవాబు 3
మాటలు బాగున్నాయి, చిక్కూ వాటితోనే. ‘ఎత్తు, చల్లన, హోరు’ జలపాతానికీ సరిపోతాయి, ఓడరేవుకీ సరిపోతాయి. అసలు ఫోటో చూశాక ‘అదిగో, కుదిరింది’ అనుకోవడం ఎంతసేపు? తొలి ప్రయోగాల్లో చూసినవాళ్లు చెప్పినదాన్ని రాసిపెట్టిన ప్రతుల్లో తేదీలు, ముందరి సెషన్ల ప్రస్తావనలు అలాగే ఉండిపోయాయనీ, ఏ ప్రతి ఏ చోటిదో వాటిని బట్టే పోల్చుకోవచ్చనీ 1978లో డేవిడ్ మార్క్స్, రిచర్డ్ కమ్మన్ అనే మనస్తత్వవేత్తలు చూపించారు. ఈ సాధనతో గూఢచర్యం చేయించాలని అమెరికా ప్రభుత్వం నడిపిన స్టార్‌గేట్ కార్యక్రమం మీద 1995లో సమీక్ష జరిగింది. అందులో గణాంకవేత్త జెస్సికా ఉట్స్ లెక్కల్లో ఏదో ఉందన్నారు, మనస్తత్వవేత్త రే హైమన్ ఒప్పుకోలేదు. గూఢచర్యానికి పనికొచ్చిన దాఖలా మాత్రం లేదని తేలి, ఆ కార్యక్రమం మూతపడింది. మీ పటంలో చివరి పెట్టె ఏమిటి?

ప్రశ్న అడిగినవారు
‘ఫీడ్‌బ్యాక్’. చూసినవాడే ఆ చోటు ఫోటో బయటికి తీసి సరిచూసుకోవాలట.

జవాబు 3
అయితే అక్కడ ‘సరిచూపు’ అని రాసి, కింద సన్నక్షరాల్లో ‘అసలు ఫోటో ఏదో తెలియని వేరే మనిషి చేత, నాలుగైదు ఫోటోల్లోంచి’ అని చేర్చండి. మూలంలో లేదంటారా, అనువాదకుడి చొరవ అనుకోండి.