లండన్ థేమ్స్‌లో స్పీడ్‌బోట్: ఎక్కినవాళ్లు చెప్పండి

వేసవి_ప్రయాణం:
వచ్చే నెల అమ్మానాన్న వస్తున్నారు. లండన్ ఐ పక్కన రేవులో ఎక్కించుకునే స్పీడ్‌బోట్ ఎక్కిద్దామని ఉంది. చిన్న ట్రిప్పు చాలా, పెద్దదా? నాన్నకు నడుంనొప్పి, అదే టెన్షన్.

శ్రావ్య77:
పెద్దదే తీసుకోండి. ఊరి మధ్యలో 12 నాట్ల పరిమితి ఉంది, అంటే గంటకు 22 కిలోమీటర్లే, కాబట్టి పార్లమెంటు, సెయింట్ పాల్స్ చర్చి, పాత యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ బెల్ఫాస్ట్ అన్నీ నింపాదిగా చూపిస్తారు, ఫొటోలు ఏవైనా అప్పుడే తీసుకోవాలి. టవర్ బ్రిడ్జి దాటి కాస్త దిగువకు వెళ్లాక, కానరీ వార్ఫ్ వైపు, అసలు స్పీడు. ఇక ఫోన్ జేబులో పెట్టి జిప్పు వేసేయడమే! చిన్న ట్రిప్పుల్లో ఆ ముక్క తక్కువ. ఎక్కడిదాకా వెళ్తుందో అడిగి బుక్ చేయండి.

పడవమనిషి:
నాన్నగారిని మాత్రం ఎక్కించకండి. పెద్ద పడవలు లేపిన అలల మీద ఈ బోటు ఎగిరి పడుతుంది, ఆ దెబ్బ నేరుగా వెన్నుకు తగులుతుంది. ఆయనకు గ్రీనిచ్ వెళ్లే ఊబర్ బోట్ అనే మామూలు ప్రయాణికుల పడవ హాయి. లోపల సీట్లుంటాయి, అవే కట్టడాలు కనిపిస్తాయి.

కిరణ్_వి:
వెనక సీట్లలో కుదుపు తక్కువేనండీ, మా అత్తయ్య బాగానే కూర్చున్నారు.

పడవమనిషి:
తక్కువే, ఒప్పుకుంటాను, కానీ లేకుండా పోదు. నడుంనొప్పి ఉన్నాక డాక్టర్‌ని అడగకుండా వద్దనే అంటాను.

మాధవి_ఆర్:
పోటు టైమ్ కూడా చూసుకోండి, దీని గురించి ఎవరూ చెప్పరు. థేమ్స్‌లో సముద్రపు ఆటుపోట్లు లండన్ మధ్యభాగం దాటి పైదాకా వస్తాయి. పెద్ద పోటు రోజుల్లో లండన్ బ్రిడ్జి దగ్గర నీటిమట్టం 7 మీటర్ల దాకా మారుతుంది. ఆటు మీద వెళితే చాలాచోట్ల బురద ఒడ్డు, నాచు పట్టిన గోడలే కనిపిస్తాయి. నాకు పోటు మీద చూసిన థేమ్సే ఇష్టం, కట్టడాలన్నీ దగ్గరకొచ్చినట్టుంటాయి. పోర్ట్ ఆఫ్ లండన్ అథారిటీ వాళ్ల సైట్‌లో టైమ్‌లు ఉంటాయి.

వేసవి_ప్రయాణం:
చాలా థాంక్స్ అందరికీ. నాన్న, నేను గ్రీనిచ్ పడవలో వెళ్తాం, అమ్మ, చెల్లి స్పీడ్‌బోట్ ఎక్కుతారు. అమ్మకు కళ్లజోడు ఉంది, పర్లేదా?

శ్రావ్య77:
కళ్లజోడుకు తాడు కట్టుకోమనండి. ఎండ కాసినా జాకెట్ ఉండాలి, ఆ స్పీడులో గాలి కోసేస్తుంది.