అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, మీడియా సర్వర్ లేవట్లేదు, సాయం చేయండి

వైజాగ్ గాజువాకలో మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్‌కి ఉబుంటు (లినక్స్ ఓఎస్) ఎక్కించి, డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడి డబ్బాల్లా నడిపే సాఫ్ట్‌వేర్) మీడియా సర్వర్, అంటే మా సినిమాలు, పాటలు ఇంట్లో ప్లే చేసుకునే ప్రోగ్రాం నడుపుతున్నాను. నిన్న రాత్రి అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది (బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఇన్వర్టర్ లైను ఆ గదికి లేదు). ఇప్పుడు స్టార్ట్ చేస్తే లాగ్‌లో 'డేటాబేస్ డిస్క్ ఇమేజ్ ఈజ్ మాల్‌ఫార్మ్‌డ్' (డేటాబేస్ ఫైలు పాడైంది) అని చూపించి ఆగిపోతోంది. పాత వెర్షన్ పెట్టి చూశాను, అప్పటికే టేబుళ్లు సగం మారిపోయినట్టున్నాయి, అదీ లేవలేదు. ఫలానా వెర్షనే కావాలని రాయకుండా ట్యాగ్ లేటెస్ట్ అని వదిలేయడం నా తప్పే, తిట్టినా పర్లేదు.

సినిమాలు, పాటల ఫైళ్లు వేరే హార్డ్‌డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి. నా టెన్షన్ అంతా అమ్మ గురించి. మూడేళ్లుగా కూర్చుకున్న పాత పాటల ప్లేలిస్టులు, ఏది ఎక్కడిదాకా చూసిందో ఆ లెక్క, అన్నీ ఆ డేటాబేస్‌లోనే ఉన్నాయి. పొద్దున్నే "ఒరేయ్, నా పాటలేవిరా" అని మొదలెట్టింది.

బ్యాకప్ అంటే ఒక్కటే, రెండు నెలల కిందట సర్వర్ ఆపకుండానే కాపీ చేసిన డీబీ ఫైలు, పక్కనుండే వాల్ ఫైలు (కొత్త మార్పులు ముందు రాసుకునేది) తీసుకోలేదు. దాన్ని నమ్మొచ్చా? లేక పాడైనదానికి ఇంకో కాపీ తీసి, దాని మీద ఎస్‌క్యూలైట్ (ఆ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) రికవర్ కమాండ్, అంటే పాడైన ఫైల్లోంచి దొరికినంత డేటా బయటికి తీసేది, నడపాలా? ఇలాంటిదాన్నుంచి బయటపడ్డవాళ్లు ఎవరైనా ఉంటే ముందు ఏది చేయాలో చెప్పండి.