పినాఫోర్‌ను నిజం ఓడ మీద ఆడితే బాగుంటుందా, చెడుతుందా?

తెరవెనక: గిల్బర్ట్ రాసి సలివన్ స్వరపరిచిన ఒపెరెట్టా (పాటలూ మాటలూ కలిసిన హాస్య సంగీత నాటకం) 'హెచ్.ఎం.ఎస్. పినాఫోర్' (1878) కథంతా ఓడ డెక్కు మీదే జరుగుతుంది. అందుకని మా బృందంలో సగం మంది మ్యూజియంగా మార్చిన పాత ఓడ మీదే ఆడదామంటున్నారు. అది కుదరకపోతే రేవు పక్కన ఖాళీ గోదాము చూస్తారట. నాకు థియేటరే నయమనిపిస్తోంది. మీరేమంటారు?

వెనకబెంచీ: ఓడే! అసలు ఒపెరెట్టా పెరిగిందే ఇరుకు చోట్లలో. 1855లో స్వరకర్త ఆఫెన్‌బాఖ్ పారిస్‌లో బుల్లి హాలుతోనే మొదలుపెట్టాడు. ఆస్ట్రియాలోని మోర్బిష్‌లో 1957 నుంచి ఎన్నో ఏళ్లు సరస్సు మీద కట్టిన వేదికపై ఒపెరెట్టాలు ఆడారు, జనం ఎగబడి చూశారు. నిజం తాళ్లు, నిజం గాలి ఉంటే సెట్టింగు ఖర్చెందుకు?

శ్రుతిపెట్టె: మోర్బిష్‌లో పాడేది మైకుల్లో అండీ, ఆ మాట వదిలేశారు. పినాఫోర్‌లో నవ్వంతా మాటల్లో ఉంది. సముద్రం మొహం చూడకుండానే నౌకాదళ మంత్రి అయిపోయిన సర్ జోసెఫ్ పాటలో ప్రాస వినబడకపోతే ఇంకేం మిగిలింది? డెక్కు మీద గోడలుండవు కాబట్టి గొంతు గాలికి పోతుంది. రేకుల గోదాములో దానికి తిరగబడ్డ బాధ: ఒక మాట మోగుతుండగానే రెండోది వచ్చి మీద పడుతుంది.

ఇంకోటి. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది. వాద్యబృందం 34 మీటర్ల దూరంలో ఉంటే పాట సెకనులో పదో వంతు ఆలస్యం. వడివడిగా పాడే చోట అది దాదాపు ఒక అక్షరం! వాద్యబృందాన్ని చేతులతో నడిపించే కండక్టర్‌ని టీవీ తెరలో చూపించినా కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ కలవవు. ఇక గాలికి ఎగిరే స్వరాల కాగితాలకు బట్టల క్లిప్పులు పెట్టుకోవడం, చలికి ఫ్లూట్ శ్రుతి దిగిపోవడం సరేసరి.

వెనకబెంచీ: ఇవన్నీ సర్దుకునేవే. కాలర్ మైకులు పెడితే సరి.

శ్రుతిపెట్టె: పెట్టండి. అప్పుడు గొంతు స్పీకర్లోంచి, మనిషి తెరచాప దగ్గర్నుంచి. కోరస్‌లో ఇరవై మంది పాడుతుంటే ఎవరు పాడుతున్నారో వెతుక్కోవాలి. గిల్బర్ట్ ఏం చేశాడో చూడండి: ఇంగ్లండ్ రేవు పోర్ట్స్‌మత్ వెళ్లి 'విక్టరీ' అనే పాత యుద్ధ ఓడను చూసి, బొమ్మలు గీసుకుని, ఆ డెక్కును థియేటర్లో కట్టించాడు. జనాన్ని ఓడెక్కించలేదు.

జైలుపక్షి: అన్నిటికీ ఒకటే మంత్రం పనిచేయదు లెండి. యోహాన్ స్ట్రాస్ ఒపెరెట్టా 'డీ ఫ్లెడర్‌మౌస్' (1874) మూడో అంకం జైల్లో. అక్కడ తాగుబోతు కాపలాదారు ఫ్రోష్‌కు పాటలు లేవు, మాటలే. పాత జైల్లో ఆ అంకం ఆడితే అతికినట్టుంటుంది. కానీ రెండో అంకం విందుకు, వాల్ట్జ్ నాట్యాలకు మంచి హాలే కావాలి. ప్రేక్షకుల్ని అంకానికో చోటికి నడిపిస్తే నాకిష్టమే. ముసలివాళ్లకు కుర్చీలు మాత్రం మర్చిపోకండి.

తెరవెనక: మరి మేం గోదాము చూడటానికి వెళ్లినప్పుడు ఏం పరీక్షించాలి?

శ్రుతిపెట్టె: పాట తెలియని మనిషిని అన్నిటికన్నా వెనక కుర్చీలో కూర్చోబెట్టండి, చేతిలో సాహిత్యం ఇవ్వొద్దు. సర్ జోసెఫ్ పాట పూర్తి వేగంతో పాడించి, వినబడింది రాయమనండి. సగం చరణాలు తప్పొస్తే రేకుల మీద మందపాటి గుడ్డలు వేలాడదీసి మళ్లీ పాడించండి. అప్పుడూ రాకపోతే వేరే చోటు చూసుకోండి.

వెనకబెంచీ: ఓడ మీద కూడా అదే పరీక్ష పెట్టండి. నెగ్గితే మాత్రం గోదాము ఊసెత్తొద్దు.