చలికి మైలేజీ పడిపోయింది, హీటర్ కట్టేసి నడపాలా?

ఈగన్ నుంచి:

అన్నలూ, అక్కలూ నమస్తే. అమెరికాలోనే ప్రాజెక్టు మారి అక్టోబర్‌లో డాలస్ నుంచి మినియాపొలిస్ పక్కన ఈగన్‌కి వచ్చాను. కారు డాలస్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కొరోలా. అక్కడ గ్యాలన్‌కి 31 మైళ్లు వచ్చేది, ఇప్పుడు 23 చూపిస్తోంది. ఆఫీసు మూడున్నర మైళ్లే. పొద్దున పావుగంట ముందే రిమోట్ స్టార్ట్ చేస్తున్నా, సాయంత్రం కూడా అంతే. హీటర్, సీటు హీటర్, వెనకద్దం డిఫ్రాస్ట్ అన్నీ వేసుకునే నడుపుతున్నా. రూమ్మేట్ ఏమో హీటరే గ్యాస్ (ఇక్కడ పెట్రోల్‌ని అలాగే అంటారు) తాగేస్తోంది, కట్టెయ్ అంటున్నాడు. మా నాన్న కూడా ఘాట్ రోడ్డెక్కితే ఏసీ కట్టేసేవారు, ఇదీ అలాంటిదేనా? లేక ఇంజిన్‌లో ఏదైనా తేడా ఉందా? టెన్షన్‌గా ఉంది.

ప్లిమత్ నుంచి:

తమ్ముడూ, కారుకి ఏం కాలేదు, హీటర్ మాత్రం కట్టెయ్యకు. ఇక్కడ నా మొదటి చలికాలంలో నేనూ ఇదే తెలివి చూపించి రెండు వారాలు హీటర్ లేకుండా నడిపాను, నా ఊపిరి ఆవిరే లోపలి అద్దం మీద గడ్డకట్టింది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా డెబిట్ కార్డుతో గీక్కున్నాను. మిగిలింది ఏమీ లేదు, జలుబు తప్ప.

ఏసీ వేరు, హీటర్ వేరు. ఏసీ కంప్రెసర్‌ని ఇంజినే తిప్పాలి కాబట్టి దానికి గ్యాస్ ఖర్చవుతుంది. హీటర్‌కి అలా కాదు. పెట్రోల్ ఇంజిన్‌లో కాలిన గ్యాస్‌లో సగానికి పైగా వేడిగానే వృథా అవుతుంది, ఆ వేడిని మోసే కూలెంట్‌ని (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవాన్ని) ఒక చిన్న రేడియేటర్‌లోంచి పంపి దాని మీదుగా ఫ్యాన్‌తో గాలి ఊదుతారు, అంతే. అన్నం వార్చాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద నీళ్లు కాచుకున్నట్టు. కాకపోతే కారు తీసిన మొదటి మూడు నాలుగు నిమిషాలు ఫ్యాన్ చిన్నగా పెట్టు, లేకపోతే ఇంజిన్‌కి కావలసిన వేడిని నువ్వే లాగేసుకుంటావు, అది వేడెక్కడం ఇంకా ఆలస్యం.

సీటు హీటర్, వెనకద్దం డిఫ్రాస్ట్, ఫ్యాన్, లైట్లు ఇవన్నీ కరెంటు మీద నడిచేవి, ఆ కరెంటు ఆల్టర్నేటర్ ఇస్తుంది, ఆల్టర్నేటర్‌ని ఇంజిన్ తిప్పుతుంది, కాబట్టి గ్యాస్ కొంచెం పడుతుంది, అబద్ధం కాదు. కానీ ఎంత? అన్నీ కలిపి ఓ 300 వాట్లు అనుకున్నా, నా లెక్కలో గంటకు గ్యాలన్‌లో పదిహేనో వంతో ఇరవయ్యో వంతో. నువ్వు నడిపేది పది నిమిషాలు. ఇక కారు ఊరికే ఆన్‌లో ఉంచితే గంటకు పావు నుంచి అర గ్యాలన్ పోతుంది. నువ్వు రోజుకి అరగంట అలా ఉంచుతున్నావు, నెలకి 20 పని దినాలు వేసుకున్నా రెండున్నర నుంచి ఐదు గ్యాలన్లు ఒక్క అడుగు కదలకుండా కాలిపోతున్నాయి. దొంగని పక్కన పెట్టుకుని హీటర్ని తిడుతున్నావు.

స్టార్ట్ చేశాక ముప్పై సెకన్లు ఆగితే చాలు. అద్దాలు గీకి, మంచు దులిపి, మెల్లగా బయల్దేరు, కదిలితేనే ఇంజిన్ తొందరగా వేడెక్కుతుంది. అటాచ్డ్ గరాజ్ అయితే తలుపు తెరిచినా సరే లోపల స్టార్ట్ చేసి వదిలెయ్యకు, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది.

రెండోది నీ దూరం. అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 77 డిగ్రీల ఫారెన్‌హీట్‌తో పోలిస్తే 20 డిగ్రీల్లో (సుమారు మైనస్ 7 సెల్సియస్) సిటీ మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది, మూడు నాలుగు మైళ్ల ప్రయాణాలకైతే 24 శాతం దాకా. ఆయిల్ చిక్కబడుతుంది, ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. చలిగాలి బరువు కాబట్టి తోసుకుపోవడమూ కష్టమే, చలికాలపు గ్యాస్‌లో శక్తి కూడా కాస్త తక్కువే. నీ 31 నుంచి 23 అంటే పావు వంతు. సరిగ్గా సరిపోయింది. శనివారం కాస్ట్‌కో, గుడి, ఇండియన్ స్టోర్ మూడు ట్రిప్పులు కాకుండా ఒకటే ట్రిప్పులో పెట్టుకో.

టైర్లు చూశావా? పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైర్లో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్‌ఐ (గాలి కొట్టేటప్పుడు చూసే అంకె అదే) పోతుంది. డాలస్ ఎండలో నింపిన గాలి ఇక్కడ ఎంత మిగిలి ఉంటుందో నువ్వే ఊహించుకో.

వుడ్‌బరీ నుంచి:

బాబూ, పైన అన్నయ్య చెప్పింది గ్యాస్ కారుకే. మాది ఎలక్ట్రిక్, మాకు హీటర్ ఉచితం కాదు, వృథా అయ్యే వేడే పెద్దగా ఉండదు కదా. ట్రిపుల్ ఏ (అమెరికా వాహనదారుల సంఘం) వాళ్లు 2019లో పరీక్షిస్తే 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో హీటర్ వేసుకుంటే రేంజ్, అంటే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం, 41 శాతం తగ్గింది, వేసుకోకపోతే 12 శాతమే. అందుకని మేం ఛార్జర్‌కి పెట్టి ఉండగానే క్యాబిన్ వేడి చేసుకుని, దారిలో ఎక్కువగా సీటు హీటర్ మీదే నడుపుతాం. వచ్చే ఏడాది మీరెవరైనా ఎలక్ట్రిక్ కొనాలనుకుంటే ఈ మాట గుర్తుంచుకోండి.

మళ్లీ ప్లిమత్ నుంచి:

అవునక్కా, అది వేరే కథ. తమ్ముడూ, ఒకటి మర్చిపోయాను. నీ బ్యాటరీ డాలస్‌దే అయితే ముందు టెస్ట్ చేయించు, ఆటో పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల డబ్బు తీసుకోకుండానే చూస్తారు. టెక్సస్ ఎండ బ్యాటరీని లోపల్నుంచి తినేస్తుంది, అది ఇక్కడి చలిలో బయటపడుతుంది. సున్నా ఫారెన్‌హీట్‌లో మంచి బ్యాటరీకే బలం సగానికి పైగా తగ్గుతుంది. పది నిమిషాల ప్రయాణంలో డిఫ్రాస్ట్, సీటు హీటర్ అన్నీ వేస్తే స్టార్టింగ్‌లో పోయిన ఛార్జి తిరిగి నిండదు. వాటివల్ల నీకు దెబ్బ గ్యాస్‌లో కాదు, ఇక్కడ. వెనకద్దం కనిపించగానే డిఫ్రాస్ట్ కట్టెయ్. అద్దం కడిగే నీళ్లు కూడా డాలస్‌వే అయితే పారబోసి మైనస్ 20 ఫారెన్‌హీట్ దాకా గడ్డకట్టని రకం పోయించు.

ఈగన్ నుంచి:

థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. ఇప్పుడే వెళ్లి చూశాను. డోర్ పక్క స్టిక్కర్ మీద 32 అని ఉంది, టైర్లలో 25, ఒకదాంట్లో 24. బ్యాటరీ మీద తేదీ ఐదేళ్ల కిందటిది. శనివారం దాకా ఆగను, రేపే వెళ్తా. రూమ్మేట్‌కి కూడా ఇదంతా చదివి వినిపించాను, వాడిప్పుడు నేనెప్పుడూ హీటర్ అనలేదు, రిమోట్ స్టార్ట్ అన్నా అంటున్నాడు.