మెష్ జాకెట్ ట్యాగ్ మీద 'సీఈ లెవెల్ 2' అని ఉంది, నమ్మొచ్చా?

ఉప్పల్_పల్సర్:
రోజూ ఉప్పల్ నుంచి గచ్చిబౌలి, నెలకోసారి శ్రీశైలం ఘాట్. ఎండలకి మెష్ జాకెట్ చూస్తున్నా. ఒకటి ₹7,500, ట్యాగ్ మీద పెద్దక్షరాలతో 'సీఈ లెవెల్ 2 ఆర్మర్' అని ఉంది, అంటే యూరప్ సీఈ గుర్తున్న ప్యాడ్లు లోపల ఉన్నాయని. ఇంకోటి ₹11,000, దాని లోపల 'ఏ' అని ఒక్క అక్షరం, ఆర్మర్ మాత్రం లెవెల్ 1. ఎక్కువ డబ్బులు పెట్టి తక్కువ లెవెల్ కొనడం ఏంటని ఆగిపోయా. ఏది తీసుకోవాలి?

కుట్టు_చూడు:
రెండోది.

ఆర్మర్‌కి పరీక్ష వేరు, జాకెట్‌కి పరీక్ష వేరు. ఆర్మర్‌ది ఈఎన్ 1621 అనే యూరప్ స్టాండర్డ్, జాకెట్‌ది ఈఎన్ 17092. మొదటి ట్యాగ్ చెప్తున్నది ప్యాడ్ల సంగతి మాత్రమే. చుట్టూ ఉన్నది మామూలు పాలిస్టర్ జాలీ అయితే రోడ్డు మీద జారగానే కుట్లు విడిపోతాయి, ప్యాడ్ పక్కకి పోతుంది, మోచెయ్యి తారుకి తగులుతుంది. అప్పుడు ప్యాడ్ ఏ లెవెల్ అయితే ఏం లాభం?

వేలాడే ట్యాగ్ వదిలేసి లోపల కుట్టిన లేబుల్ చూడండి. బైకు మీద మనిషి బొమ్మ, తరగతి అక్షరం, స్టాండర్డ్ నంబర్ ఉండాలి. 17092-2 అంటే ఏఏఏ, -3 అంటే ఏఏ, -4 అంటే 'ఏ'. -5 (బీ)లో బట్ట 'ఏ' స్థాయిదే కానీ ప్యాడ్లుండవు. -6 (సీ) ప్యాడ్లని పట్టి ఉంచే లోపలి చొక్కా మాత్రమే, రాపిడిని ఆపదు, పైన ఇంకో జాకెట్ ఉండాల్సిందే.

బట్ట ముక్కని గిర్రున తిప్పి కాంక్రీట్ పలక మీద వదులుతారు, ఆగేదాకా అరుగుతుంది. భుజం, మోచెయ్యి లాంటి ముందు నేలకి తగిలే చోట్లకి 'ఏ' తరగతిలో గంటకి 45 కి.మీ. వేగం, ఏఏలో 70, ఏఏఏలో 120. చిల్లు 5 మి.మీ. దాటకూడదు. ఇది పరీక్ష యంత్రం వేగం సుమా, 'ఇంతలో పడితే ఏమీ కాదు' అనే హామీ కాదు.

మన దగ్గర 2021 జూన్ 1 నుంచి హెల్మెట్‌కి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. జాకెట్‌కి అలాంటి నిబంధన లేదు. అందుకే ట్యాగ్ మీద ఎవరికి తోచింది వాళ్లు అచ్చేస్తారు.

ఘాట్_గేర్:
పై జవాబుకి లెవెల్ లెక్క కలుపుతున్నా. పరీక్షలో దెబ్బ 50 జౌల్స్, అంటే 5 కిలోల బరువు సుమారు మీటరు ఎత్తు నుంచి పడ్డట్టు. ప్యాడ్ దాటి అవతలికి వచ్చే బలం సగటున ఎంత దాటకూడదంటే (తక్కువైతే మేలు):
మోచెయ్యి, భుజం, మోకాలు (1621-1): లెవెల్ 1కి 35 కిలోన్యూటన్లు, లెవెల్ 2కి 20.
వీపు (1621-2): లెవెల్ 1కి 18, లెవెల్ 2కి 9.

అంటే చేతుల 'లెవెల్ 2' కన్నా వీపు 'లెవెల్ 1' గట్టి పరీక్ష. ట్యాగ్ మీద ఒట్టి '2' చూసి మురిసిపోవద్దు, ఏ భాగానిదో చూడండి.

ఇంకోటి, మన ఎండలకి ముఖ్యం: ప్యాడ్ మీద 'టీ+' గుర్తు ఉందా? 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షలో నెగ్గిందని దానర్థం. మెత్తటి ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి. మేలో జాకెట్‌ని బైకు సీటు మీద ఎండలో పడేసి వెళ్లకండి.

కోదాడ_చిన్నా:
గాలి ఆడాలంటే ఒక సైజు పెద్దది తీసుకో అన్నా. లోపల కాటన్ టీషర్ట్ తడిపి వేసుకుంటే అరగంట ఏసీలో ఉన్నట్టే.

కుట్టు_చూడు:
టీషర్ట్ మాట కరెక్ట్. సైజు మాట మాత్రం వద్దు చిన్నా. ఇందాక చెప్పిన ప్యాడ్ పక్కకి పోవడం వదులు జాకెట్‌లో బట్ట చిరక్కుండానే జరుగుతుంది. షాపు బయట బైకు మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, ఇంకొకర్ని మోచేతి ప్యాడ్ పట్టుకుని తిప్పమనండి. ఎముక మీద నుంచి జారిపోతే చిన్న సైజు అడగండి. ముంజేతి దగ్గర, జబ్బ దగ్గర బిగించే పట్టీలు ఉన్నవి చూసుకోండి.

గ్లవ్స్‌కి ఇంకా తేలిక. మణికట్టు పట్టీ బిగించి, వేళ్ల కొసలు పట్టుకుని లాగమనండి. ఊడొస్తే పక్కన పెట్టేయండి.

ఉప్పల్_పల్సర్:
₹11,000 దాంట్లో 17092-4 ఉంది. మోచేతి ప్యాడ్ మీద 1621-1, టీ+ రెండూ కనబడ్డాయి. వీపు జేబులో ఉన్నదాని మీద మాత్రం ఏ గుర్తూ లేదు, పల్చటి స్పాంజ్. మోసమా?

ఘాట్_గేర్:
మోసం కాదు. 17092లో వీపు ప్యాడ్ తప్పనిసరి కాదు, ఆ స్పాంజ్ జాకెట్ ఆకారం నిలవడానికే. దాన్ని తీసి పాత పేపర్ మీద పెట్టి గీత గీసుకోండి. ఆ కాగితం పట్టుకెళ్లి 1621-2 గుర్తున్న వీపు ప్యాడ్ కొనండి. ఎఫ్‌బీ అంటే వీపు మొత్తం, సీబీ అంటే మధ్య భాగం. ఎఫ్‌బీ ఆ జేబులో పడితే అదే తీసుకోండి. పెద్దదైతే అంచులు కత్తిరించకండి, కత్తిరిస్తే ఆ పరీక్ష దానికి చెల్లదు. జేబు కన్నా ప్యాడ్ చిన్నదై లోపల ఆడుతుంటే వెల్క్రో ముక్క కుట్టించుకోండి.